తీసేసిన చప్పుడు

మలికిపురంలో మైకుసెట్లు అద్దెకిచ్చే ఇస్సాకు దగ్గర ఎన్నో గ్రామఫోను రికార్డులున్నాయి. ఒక్కటి మాత్రం ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. పెళ్ళికి ముందు ఆయన భార్య సుందరి చర్చివాళ్ళతో మద్రాసు వెళ్ళి పాడిన పాట అది. తొంభై ఆరు తుపాను రాత్రి ఆయాసం ముదిరి, ఆసుపత్రికి దారిలేక, ఆమె ఆయన చేతుల్లోనే పోయింది.

కొన్నేళ్ళకి ఆమె మేనల్లుడు ఎబినేజర్, అమలాపురంలో కంప్యూటర్ సెంటర్ నడిపేవాడు, సీడీలోకి ఎక్కిస్తానని బతిమాలి ఆ రికార్డు పట్టుకెళ్ళేడు. ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం రికార్డుతో పాటు సీడీ కూడా తెచ్చేడు.

సీడీలో గీతల చప్పుడు లేదు, బుస లేదు. మాట మాటా కడిగినట్టుంది. ఇస్సాకు కళ్ళు మూసుకుని విన్నాడు. పాట బాగుంది గానీ, ఇందులో మీ అత్త లేదురా అన్నాడు. రికార్డులో రెండో చరణం ముందు ఆమె ఊపిరి పీల్చడం వినిపించేది. రోజూ ఆయన ఎదురుచూసేది దానికోసమే.

“ఊపిరీ చప్పుడే కదండీ మావయ్యగారూ. బుసతో పాటు పోయింది. ఏదీ పారెయ్యలేదంటే మీరు నమ్మరని, తీసేసిన చప్పుడంతా రెండో ట్రాకులో పెట్టేనండి.”

ఇస్సాకు కోప్పడలేదు. రికార్డు తుడిచి ముల్లు పెట్టేడు. చిటపటల మధ్య ఆ గొంతు పక్కగదిలోంచి వచ్చినట్టు వచ్చింది. రెండో చరణం దగ్గర వేలెత్తేడు.

ఊపిరి రాలేదు.

మళ్ళీ పెట్టేడు. చిటపటలున్నాయి, పాట ఉంది. ఊపిరి లేదు.

“ఏం చేసేవురా?” గొణిగేడు.

“దీన్ని నేనేం చెయ్యలేదండీ...”

ఎబినేజర్ సీడీలో రెండో ట్రాకు పెట్టేడు. మొదట వట్టి బుస. తర్వాత ఒక ఊపిరి. ఇంకోటి... ఇంకోటి... పాటలో అన్ని ఊపిర్లు లేవు. పిల్లికూతలు. గుండెలు ఎగరేసుకుంటూ గాలికోసం కొట్టుకోవడం.

తుపాను రాత్రంతా ఇస్సాకు విన్న చప్పుడే అది. స్పీకరు పక్కన కూలబడి, వీపు రాసినట్టు దాన్ని రాసేడు.

“ఉన్నానే సుందరీ... ఇక్కడే ఉన్నాను.”

కూతలు నెమ్మదించేయి. ఆగిపోయేయి. ఎబినేజర్ స్విచ్చి వైపు చెయ్యి చాపేడు. ఇస్సాకు ఆ చెయ్యి పట్టుకున్నాడు.

ఇంకో ఊపిరి వినిపిస్తోంది... సన్నగా, త్వరత్వరగా, పాలు తాగి నిద్రపోయిన పసిబిడ్డ ఊపిరిలా.

“ఇదెవరిదిరా?”

ఇస్సాకుకీ సుందరికీ పిల్లలు లేరు.

ఎబినేజర్ ప్లేయరు వైపే చూస్తున్నాడు. అందులో సీడీ తిరగడం ఎప్పుడో ఆగిపోయింది.