తాడు కోసిన చెయ్యి

మా బడి కొండవాలు మీద ఉంటుంది. బస్సు అక్కడితో ఆగిపోతుంది, ఆ పైన ఆపిల్ తోటలు, వాటి పైన మంచు. ప్రైవేటు బడి కదా, ఏటా గోడలకి రంగులేస్తారు, వరండాలో పూలకుండీలు పెడతారు, పండగలు మాత్రం మా తాతలనాటివే చేస్తారు. నేను అక్కడ సంగీతం చెబుతాను. మూడు తీగల కొముజ్‌ని చీపురులా పట్టుకునే పిల్లల చేత పాట వాయించేదాకా నిద్రపోను. ఈ మాట నేను చెప్పుకోవాల్సిందే, ఎందుకంటే బడిలో ఎవరి నోట విన్నా కుందుజ్ పేరే.

కుందుజ్ ఒకటో తరగతి టీచరు. నిరుడు వచ్చింది. నడుం దాటిన జడలు రెండు, బుగ్గన సొట్ట. పిల్లలు ఆమె వెనకాలే తిరుగుతారు, తల్లులు ఆమెకి పళ్ళ జామ్, తేనె మోసుకొస్తారు. నాకేం పోయింది? తిరగనీ, మోయనీ. కానీ నా కూతురు మేరిమ్ కూడా ఆ తరగతిలోనే చేరింది.

ఇంట్లో మేమిద్దరమే. ఇంతకుముందు ఆ ఇంట్లో అమ్మనైన నన్ను "అపా" అని పిలిచే మాటే వినిపించేది. ఇప్పుడు పొద్దున్న లేస్తే కుందుజ్ ఎజే, అంటే కుందుజ్ అక్క, పడుకునేటప్పుడూ కుందుజ్ ఎజే. టీ కలిపితే "కుందుజ్ ఎజే పాలు ముందు పోస్తుంది అపా." జడ వేస్తే "అలా కాదు అపా, కుందుజ్ ఎజేలా." ఆరేళ్ళ పిల్ల. దాని తప్పేముంది? పసిపిల్లని అంతగా బుట్టలో వేసుకున్నదాన్ని అనాలి.

ఆపిల్ పళ్ళు దింపే రోజుల్లో మా బడిలో తాడు కోసే పండగ. మామూలుగా ఇది నడక నేర్చే పసివాళ్ళకి చేస్తారు. నల్ల ఉన్ని, తెల్ల ఉన్ని కలిపి పేనిన తాడుతో రెండు కాళ్ళూ కట్టి నిలబెడితే, ఒకరు పరుగెత్తుకొచ్చి ఆ తాడు కోస్తారు. ఎవరు కోస్తే పిల్లకి వాళ్ళ నడకా, వాళ్ళ నడతా వస్తాయి. మా బడివాళ్ళు దాన్ని ఒకటో తరగతికి తెచ్చారు. పైగా ఇంకో సరదా కలిపారు. తన తాడు ఎవరు కోయాలో పిల్లలే పేరు చెప్పాలి.

పండగకి కొద్దిరోజుల ముందు టీచర్లందరి ఎదుటా అడిగితే, పిల్లలు అమ్మ అనో నాన్న అనో చెప్పారు. ఒకడు వాళ్ళ కుక్క పేరు చెప్పి నవ్వించాడు. మేరిమ్ లేచి నిలబడింది. నేను అప్పటికే నవ్వుమొహం పెట్టుకుని సిద్ధంగా ఉన్నాను.

"కుందుజ్ ఎజే," అంది.

అందరూ నా వైపు చూశారు. కుందుజ్ పరిగెత్తుకుంటూ నా దగ్గరికొచ్చింది. "బురుల్ ఎజే, ఏమీ అనుకోకండి, చిన్నపిల్ల..."

"అనుకోవడానికేముంది? నీకన్నా బాగా ఎవరు పరిగెత్తగలరు," అన్నాను. నా ఒళ్ళంతా మండిపోతోంది.

పండగరోజు వంటింట్లో ముసలి ఉల్కన్ తాళ్ళు పేనుతోంది. బడిలో వంట ఆమెది, తాళ్ళు కట్టేదీ ఆమే. బోర్సోక్‌లు అనే పిండిముక్కలు వేగుతున్న నూనె వాసన వరండాదాకా కొడుతోంది. నేను ఆమె పక్కన కూర్చుని మెల్లగా అడిగాను.

"ముందే ఇంకొకళ్ళు కోసేస్తే ఏమవుతుంది?"

ఉల్కన్ చేతులు ఆగాయి. "ఏం, నీకు కడుపుమంటగా ఉందా?"

"ఊరికే అడిగాను."

"ఊరికే అడిగే మొహమేనా అది! విను. పిల్ల కోరిన చెయ్యే కోయాలి. అదీ ఆరుబయట, ఆకాశం కింద. కాళ్ళు కట్టిన పిల్లని గది లోపలికి పిలవకు. తాడు తెగకుండానే పోయిన పసివాళ్ళు ఉంటారు. వాళ్ళని ఎవరూ పిలవరు. పిలుపు వినబడితే వాళ్ళే వస్తారు."

ముసలాళ్ళ మాటలు అనుకున్నాను.

నా ఆలోచన చాలా చిన్నది. కాళ్ళు కట్టగానే సంగీతం గదికి రమ్మని మేరిమ్‌తో చెప్పాను. టోపీ సరిచేస్తానన్నాను. నా బిడ్డ తాడు నేను కోసేస్తాను, ఉత్త తాడు మళ్ళీ చుట్టి పంపిస్తాను, కుందుజ్ దాన్ని కోసుకుని మురిసిపోనీ. నా బిడ్డకి నా నడకే వస్తుంది. ఇందులో పాపం ఏముంది?

సాయంత్రం తల్లిదండ్రులంతా మైదానంలో చేరేసరికి కొండమీంచి మబ్బు దిగింది. గదిలో చీకటి పడింది. మా బడి కరెంటు సంగతి తెలిసిందే, మబ్బు పడితే చాలు, పోతుంది. కిటికీ దగ్గర నిలబడి కత్తెర పట్టుకుని పిలిచాను.

"మేరిమ్... రా అమ్మా."

వరండాలో చప్పుడు. టప్... టప్... రెండు కాళ్ళూ కలిపి గెంతుతున్న చప్పుడు. తలుపు దగ్గర ఆగింది. తడిసిన ఉన్ని వాసన వచ్చింది. దానితోపాటు ఆరిపోయిన పొయ్యి వాసన.

"వచ్చాను అపా."

"తడిశావా? ఇటు రా."

టప్... టప్... గోడకి వేలాడుతున్న కొముజ్‌లు ఎవరూ తాకకుండానే సన్నగా మోగాయి. నేను మోకాళ్ళ మీద కూర్చున్నాను. చీకట్లో టోపీ అంచు తప్ప మొహం కనపడలేదు.

"నువ్వే కొయ్యి అపా," అంది చెవిలో. "నాకు నువ్వే కావాలి."

ఎన్నాళ్ళయింది ఆ మాట విని! కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తాడు చేతికి చల్లగా, జిగురుగా తగిలింది. కత్తెరకి తెగలేదు. రెండు చేతులతో నొక్కాను. తెగింది.

అదే క్షణంలో బయట ఈలలు, చప్పట్లు. తల తిప్పి కిటికీలోంచి చూశాను.

మైదానం చివర కుందుజ్ మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. ఆమె మెడకి రెండు చేతులూ చుట్టేసి, నేను కుట్టిన ఎర్రటోపీ పెట్టుకుని... మేరిమ్.

నా ముందు ఎవరూ లేరు. నేల మీద తెగిన తాడు ఉంది. పైకెత్తి కిటికీ వెలుతురులో చూశాను. అంతా నలుపే. ఒక్క తెల్లపోగు లేదు.

బయటికి ఎలా వచ్చానో తెలీదు. వరండాలో మేరిమ్ ఎదురొచ్చింది, కుందుజ్ చెయ్యి పట్టుకుని.

"ఎక్కడికెళ్ళారు ఎజే? పిల్ల మీ కోసం వెతికింది," అంది కుందుజ్.

"అబద్ధం. వెతకలేదు," అన్నాను.

మేరిమ్ పట్టించుకోలేదు. మొహం వెలిగిపోతోంది. "కుందుజ్ ఎజే అందరికన్నా ముందొచ్చింది అపా! నేనింక కుందుజ్ ఎజేలా నడుస్తా! ఇవాళ వాళ్ళింటికి వెళ్ళనా?"

అంత భయంలోనూ, చెబితే నమ్మరు, నాకు మళ్ళీ అదే మంట.

"అంత ఇష్టమైతే ఆమె దగ్గరే ఉండు. నాకెందుకు నువ్వు!"

నా వెనక, గదిలోంచి, చాలా మెల్లగా...

"ఉండనీ అపా..."

కుందుజ్‌కి వినపడలేదు. ఎవరో తల్లి పిలిస్తే వెళ్ళింది. మేరిమ్ బిక్కమొహం వేసుకుని నిలబడింది. నేను దాని కళ్ళలోకి చూడలేదు.

"పో. లోపల నా కోటు ఉంది, పట్రా."

వెళ్ళింది. మామూలు అడుగులు. టకటకా... ఆ తర్వాత తలుపు మూసుకుంది. కొముజ్‌లన్నీ ఒక్కసారి మోగి ఆగిపోయాయి. నేను వెనక్కి తిరగలేదు. మైదానంలో పిల్లలు బోర్సోక్‌ల కోసం కొట్టుకుంటుంటే చూస్తూ నిలబడ్డాను.

తలుపు తెరుచుకుంది.

టప్... టప్...

చల్లటి చెయ్యి నా చేతిలోకి వచ్చింది. "ఇంటికి పోదాం అపా."

ఎర్రటోపీ అదే. మొహం అదే. కోటు తేలేదు. నేను అడగలేదు.

మర్నాడు జడ వేశాను. ఎలా వేసినా కదలకుండా కూర్చుంది. టీ ఎలా కలిపినా తాగింది. రాత్రి నా పక్కలోంచి జరగలేదు. "కుందుజ్ ఎజే ఏం చెప్పింది ఇవాళ?" అని నేనే అడిగాను. నా వైపు చూసి, "ఎవరు?" అంది.

దేవుడా, ఎంత సంతోషం వేసిందో.

కుందుజ్ మాత్రం ఊరుకోలేదు. ఒకరోజు నన్ను వరండాలో ఆపింది. మనిషి చిక్కిపోయింది. "ఎజే, మేరిమ్‌కి ఏమైంది? నన్ను చూస్తే ఎవరినో చూసినట్టు చూస్తోంది. ఎప్పుడూ రెండు కాళ్ళూ కలిపి గెంతుతూనే ఉంది..."

"పిల్లలు ఆడుకోరా? అందరూ నీలాగే నడవాలా?" అన్నాను.

ఏడ్చుకుంటూ వెళ్ళింది. ముసలి ఉల్కన్ అయితే, మేరిమ్ వంటింటివైపు వస్తే తలుపు వేసేసుకుంటోంది, అంతే.

ఇంకొక్క సంగతి ఉంది. సాయంత్రం పిల్లలంతా వెళ్ళిపోయాక, సంగీతం గదికి తాళం వేయబోతుంటే లోపలినుంచి వినిపిస్తుంది. కొముజ్‌ల వెనక గోడలోంచి. అలసిపోయి, ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన గొంతు.

"కుందుజ్ ఎజే... కుందుజ్ ఎజే..."

కన్నదాన్ని, ఆ గొంతు నాకు తెలియదా? తలుపు మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడతాను. ఒక్కసారి "అపా" అని పిలవమనండి. ఒకే ఒక్కసారి. ఆ గోడ గోళ్ళతో తవ్వైనా బయటికి తీస్తాను.

పిలవదు.

వరండా చివర్నుంచి... టప్... టప్... నా పక్కన ఆగుతుంది. చల్లటి చెయ్యి నా చెయ్యి పట్టుకుంటుంది.

"ఇంకా ఆవిడనే పిలుస్తోందా అపా?"

"ఆ," అంటాను.

తాళం వేసేసి, ఆ చెయ్యి పట్టుకుని బస్సు దగ్గరికి నడుస్తాను.