గట్టు అడుగు

నెలకోసారి సముద్రపు ఒడ్డున ఉన్న ఇళ్లకి వెళ్లి, వెనక గుమ్మం నుంచి గట్టు అంచుదాకా టేపుతో కొలిచి, ఎన్ని అడుగుల నేల మిగిలిందో చెప్పడం నా ఉద్యోగం. తర్వాత కిందికి దిగి, అలలు గట్టు అడుగుని ఎంత తిన్నాయో కూడా చూడాలి. ఆ రెండో పని నేను ఎన్నడూ చేయలేదు. చెప్పుకోవడానికే సిగ్గు, ప్యాంటు తడుస్తుందని.

చివరి ఇంట్లో దర్జీ అత్త ఉండేది. అందరికీ అత్తే. నన్ను మాత్రం అల్లుడూ అని ఆటపట్టించేది. టేపు రెండో కొస తనే పట్టుకునేది.

"కింద చూశావా అల్లుడూ?"

"చూశానత్తా. ముప్ఫై అడుగులుంది. నీ మిషనైనా అరగాలి గానీ ఈ గట్టు అరగదు."

"మరి ప్యాంటు ఇస్త్రీ కూడా నలగలేదే?"

పెద్దగా నవ్వేశాను. అందులో నేను ఘటికుణ్ని.

సముద్రం ఏటా వెంట్రుకవాసి పెరుగుతూ వచ్చింది. ముందున్న ఇసుకమేట మునిగిపోయింది. ఇక అలలు నేరుగా గట్టు పాదాన్నే కొరికాయి. పైన ముప్ఫై అడుగులు చెక్కుచెదరలేదు. కింద మాత్రం అత్త వంటగది దాకా తొర్ర. ఒక మధ్యాహ్నం ఇల్లు, మిషను, అత్త... ఆ ముప్ఫై అడుగులతో సహా సముద్రంలోకి.

ఇప్పుడు చివరి ఇల్లు పోస్ట్‌మాన్‌ది. ఇద్దరు చంటిపిల్లలు. ఈ ఉదయం పొగమంచులో టేపు కొసని వాళ్ల గుమ్మం మేకుకి తగిలించి, అంచుదాకా నడిచాను. బురద వాసన. ఉప్పు వాసన. దాంతోపాటు... మిషను నూనె వాసన.

కాళ్ల కింద, నేల లోపల...

టకటకటక.

ఆగింది.

"కింద చూశావా... అల్లుడూ?"

నా నోరు పాడుగాను. అలవాటుగా అనేసింది.

"చూశానత్తా."

మళ్లీ టకటకటక. ఈసారి ఇంకా దగ్గరగా. చీలమండలకి చల్లగా ఏదో తగిలింది...

టేపు అక్కడే పడేసి పరిగెత్తాను. గుమ్మంలో పోస్ట్‌మాన్ భార్య, చంకలో పిల్లతో.

"ఉండమంటారా అన్నయ్యా, ఖాళీ చేయమంటారా? కింద చూశారా?"

"రేపు... రేపు చూస్తానమ్మా" అన్నాను, ఆగకుండానే.

ఇంటికొచ్చి, తలుపేసి, మంచం మీద కూలబడ్డాక చూసుకున్నాను. నా ప్యాంటు రెండు కాళ్లూ మోకాళ్ల దాకా మడిచి, చుట్టూ సన్నగా కుట్టేసి ఉన్నాయి. చక్కటి కుట్టు. దారం తడిగా ఉంది.

కొస తెంపలేదు. తలుపు కింది సందులోంచి, ఒడ్డు వైపుకి పోయింది. ఇందాక వదులుగానే ఉంది... ఇప్పుడు బిగుసుకుంటోంది.