కనేరి గోడ మీద చెట్టుకప్ప

కరెంటు పోయింది. కనేరి గల్లీలో సాంచాలన్నీ, బట్ట నేసే ఆ కరెంటు మగ్గాలన్నీ, ఒక్కసారిగా ఆగిపోయాయి. కనుకయ్య కార్ఖానా వెనక మాత్రం ఒకటి ఇంకా కొట్టుకుంటూనే ఉంది. టక్ టక్ టక్.

సాంచాలు బాగుచేయడానికి కొత్తగా చేరిన మేస్త్రీ అంకుశం. కరెంటు లేకుండా నడిచే మగ్గాన్ని అతను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. ఏదో సామాను ఊడి కొట్టుకుంటోందనుకుని, పానా పట్టుకుని చప్పుడు వైపు నడిచాడు.

వెనక వాకిట్లో, సన్నటి వానలో, నీళ్ళ డ్రమ్ము పక్కన కనుకయ్య బిడ్డ అరుణజ్యోతి గొంతుక్కూర్చుని ఉంది. చేతిలో ఫోను లైటు.

“సాంచా ఏడున్నది?” అన్నాడు.

ఆమె పెదాల మీద వేలు పెట్టి, లైటు గోడ మీదికి తిప్పింది. మట్టిరంగు కప్ప ఒకటి నిలువు గోడకు అతుక్కుని ఉంది. గొంతు బుడగలా ఉబ్బించి అంది: టక్ టక్ టక్.

“చెట్టుకప్ప. పానాతోని దీన్ని బిగిస్తవా?”

అంకుశం చెవులు ఎర్రబడ్డాయి. పరువు నిలబెట్టుకోవడానికి ఏదో ఒక పని చేయాలనిపించింది. డ్రమ్ముకు పైన, గోడకు తెల్లటి నురగ ముద్ద కనిపించింది. ఎవరో సబ్బు కడగడం మరిచారనుకుని చెంబుతో నీళ్ళెత్తాడు. జ్యోతి చటుక్కున అతని మణికట్టు పట్టుకుంది.

“అవి గుడ్లు. పిల్లలైనంక డ్రమ్ముల పడ్తయ్. నువ్వు కడిగితే…”

మిగతాది అతను వినలేదు. తన మణికట్టునే చూస్తున్నాడు. ఆమె కూడా చూసి, ఉలిక్కిపడి వదిలేసింది.

ఆ తర్వాత సాంచాలు ఆగితే చాలు, మేస్త్రీకి వెనక వాకిట్లో పని పడేది. ఊరి బయట మాన్కోలి గోదాముల్లో బట్ట దించడానికి పోయిన రోజు, అక్కడి పొదల్లో చెట్టుకప్ప దొరికిందని ఫోటో పంపాడు. అది ఎండుటాకని జ్యోతి జవాబిచ్చింది. బట్టలు తడిసేదాకా వెతికి ఇంకొకటి పంపాడు. ఈసారి నిజం కప్పే. కొమ్మను కావలించుకుని, బంగారు కళ్ళతో చూస్తోంది. అన్నం ముందు కూర్చుని జ్యోతి ఆ ఫోటోనే చూస్తుంటే, పప్పులో నవ్వు ఏం దొరికిందని నాయినమ్మ లస్మవ్వ అడిగింది.

ఎంతమందినో రైలెక్కించి, వాళ్ళలో కొందరిని మళ్ళీ చూడని ముసలిది లస్మవ్వ. ఎవరు సంచి సర్దినా ఎటు పోతున్నారని ఆరా తీసేది. అంకుశం సూరత్ పోతున్నాడన్న కబురు ముందు ఆమె చెవినే పడింది. అక్కడి పెద్ద కార్ఖానాకు ఇక్కడికి రాకముందే మాటిచ్చాడట.

ఆమె చెప్పగానే జ్యోతి అతన్ని నిలదీసింది. అతను తలవంచుకుని నిజమేనన్నాడు.

“మరి ఈ పిల్లలు?”

“అవి నీళ్ళల్ల పడేదాక ఉంట.”

నురగ ఎండిపోకుండా నీళ్ళు చిలకరిస్తూ వచ్చిన జ్యోతి, ఇప్పుడు అది కరగకూడదని మొక్కుకుంది. కానీ వాన మొక్కులు వినలేదు. ఒక తెల్లవారుజామున ధారగా కురిసి నురగను కరిగించింది. డ్రమ్ములో నల్లటి తోకకప్ప పిల్లలు గిలగిలా ఈదుతున్నాయి. జ్యోతి చప్పట్లు కొట్టి గెంతింది. మరుక్షణమే గుర్తొచ్చి, డ్రమ్ము అంచు పట్టుకుని నిలబడిపోయింది.

అంకుశం సంచి భుజాన వేసుకుని, చెప్పి పోదామని కార్ఖానాలోకి వచ్చాడు. సాంచాలన్నీ నడుస్తున్నాయి. ఆ హోరులో అరిచినా వినపడదు. అందుకే అక్కడ పనిచేసేవాళ్ళు గొంతు లేకుండా పెదాలతోనే మాట్లాడుకుంటారు. వెనక తలుపు దగ్గర నిలబడిన జ్యోతి పెదాలు కదిలాయి.

“పోకు.”

“ఎందుకు?” అన్నాయి అతని పెదాలు.

“కప్పలు మళ్ళ వస్తయ్. ఒక్కదాన్నే ఎట్ల చూడాలె?”

“కప్పల ముచ్చట వద్దు. సీదా చెప్పు.”

“నువ్వంటే నాకిష్టం.”

“నాకు గూడ. పానా పట్టుకొని వచ్చిన్నాటి సంది.”

సంతోషంలో ఇద్దరూ ఒక సంగతి మరిచారు. పెదాలు చదవడం ఆ కార్ఖానాలో అందరికీ వచ్చు. కండెలు చుడుతున్న లస్మవ్వ చేతిలో దారం తెగింది. మూలనున్న నేతగాడు నోరు తెరిచాడు. నడుం మీద చేయి పెట్టుకున్న కనుకయ్య, కూతురి మొహం ఒకసారి, మేస్త్రీ మొహం ఒకసారి చూస్తున్నాడు.

జ్యోతి చున్నీతో నోరు కప్పుకుంది. అప్పటికే ఆలస్యమైంది.

కనుకయ్య వెళ్ళి అంకుశం ఎదుట నిలబడ్డాడు. జ్యోతికి తండ్రి వీపు మాత్రమే కనిపించింది. ఏమంటున్నాడో తెలియదు. అంకుశం మొహంలో రంగు పోయింది. కాసేపటికి తిరిగొచ్చింది. భుజం మీది సంచి జారి కింద పడింది. కనుకయ్య ఏమీ ఎరగనట్టు తన సాంచా దగ్గరికి పోయాడు. లస్మవ్వ గబగబా వచ్చి, ఆ సంచి తీసుకుపోయి తన పీట కింద పెట్టుకుని దాని మీదే కూర్చుంది.

జ్యోతి సాంచాల మధ్య నుంచి పరుగెత్తింది. “నాయిన ఏమన్నడు?”

“‘మీ అమ్మనాయినలకు ఫోన్ చెయ్యి, వచ్చి మాట్లాడుమను’ అన్నడు. ‘సూరత్ వాళ్ళకు నేనే చెప్పుకుంట’ అన్నడు.”

ప్రతి మాటా ఆమెకు స్పష్టంగా కనిపించింది. అయినా తల అడ్డంగా ఊపింది.

“సమజ్ కాలే. ఇంకోసారి చెప్పు.”

అతను ఇంకోసారి చెప్పాడు. అప్పటికీ ఆమెకు సమజ్ కాలేదు.