‘ఇతరులు’ అని రాసిన డాక్టరు

ఆ వారంలో అది మూడోసారి. జన్యు ల్యాబ్ అమ్మాయి ఫారాల కట్టతో మూడంతస్తులు దిగి, పిల్లల లుకేమియా వార్డులోకి సుడిగాలిలా వచ్చి పడింది.

"డాక్టర్ గారూ! మీ పిల్లలంతా ఆకాశం నుంచి ఊడిపడ్డారా?"

కుర్ర డాక్టరు తలెత్తాడు. "మళ్ళీ ఏమైందండీ?"

"తాతముత్తాతల మూలాలు రాయమంటే నలభై ఒక్క మందికీ ‘ఇతరులు’ అని రాస్తారా?"

"మందు అందరికీ ఒకటేగా. బాధలో ఉన్న తల్లిని ‘మీరెక్కడి వాళ్ళు’ అని అడగడానికి నాకు నోరు రాదండీ."

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. ఇంత మంచి కళ్ళున్న మనిషికి ఇంత మొండి బుర్రేమిటో!

"మందొకటే, ఒళ్ళొకటి కాదు మహానుభావా! మీరిచ్చే లుకేమియా మాత్రని అరిగించే జన్యువు కొన్ని మూలాల వాళ్ళలో బలహీనంగా ఉండటం ఎక్కువ. వాళ్ళకి మామూలు డోసే విషం. రోజుకి రెండు పరీక్షలే చేయగలం. ఎవరిది ముందు చేయాలో ఎలా తెలుస్తుంది?"

అతని ముఖం పాలిపోయింది. "నాలుగో బెడ్ పాప... మాత్రలు మొదలెట్టిన దగ్గర్నుంచీ తెల్లకణాలు పడిపోతున్నాయి. ఇన్‌ఫెక్షన్ అనుకున్నాను."

ఇద్దరూ పరుగెత్తారు. ఆరేళ్ళ పాప మగతగా పడుకుని ఉంది. పక్కన అమ్మమ్మ.

"అమ్మమ్మగారూ... మీ వాళ్ళు... అంటే, మీ వైపు..." అతను నసిగాడు.

"సంబంధం కోసమా నాయనా? నీకేనా?"

వార్డంతా నవ్వింది. అతను కందిపోయాడు. ల్యాబ్ అమ్మాయి తల పట్టుకుని, అసలు సంగతి తనే చెప్పింది.

పెద్దావిడ గొంతు తగ్గింది. "మా అమ్మ సముద్రం అవతలి మనిషమ్మా. ఆ ఊసెత్తొద్దనేవారు మా వాళ్ళు. ఇన్నాళ్ళకి నువ్వే అడిగావు."

అందరికంటే ముందు పాప రక్తం పరీక్షకెళ్ళింది. జన్యువు బలహీనమే. డోసు పదో వంతుకి తగ్గించారు. రెండు వారాలకి తెల్లకణాలు కోలుకున్నాయి. పాప మంచం మీద గెంతుతోందని నర్సు విసుక్కుంది.

ఆ సాయంత్రం అతనే ల్యాబ్‌కి వచ్చాడు. ఫారాలన్నీ పూర్తిచేసి తెచ్చాడు.

"అడగకపోవడం మర్యాద అనుకున్నానండీ. అది పిరికితనం. పాప ప్రాణం మీదకొచ్చేది. ఇంకో విషయం... మీరు... అంటే, నేను..."

"అబ్బబ్బ! అడగరేం?"

"నేనంటే ఇష్టమేనా?"

"ఇష్టం లేకపోతే ప్రతిసారీ మూడంతస్తులు దిగి వస్తానా? ల్యాబ్‌లో ఫోనుందండీ బాబూ!"