వలకు అవతలి కొస

నవంబరులో కోమో సరస్సు మీద పొగమంచు దిగిందంటే మధ్యాహ్నం దక్షిణపు గాలి లేచేదాకా కదలదు. కొండలు కనపడవు, అవతలి ఒడ్డు కనపడదు. పడవ ముక్కు ఉందో లేదో కూడా చేత్తో తడిమి చూసుకోవాలి. ఎలీజో యాభై ఏళ్ళుగా ఇలాంటి ఉదయాల్లోనే వల ఎత్తుతున్నాడు. అతనికి భయం లేదు. ఉన్నదల్లా అలసట.

ఆ రోజు తెల్లవారాక మరదలు ఎర్సీలియా పెరటి వెనక రేవు మెట్ల దాకా దిగివచ్చి కాఫీ సీసా అందించింది.

“బావగారూ, ఇవాళ కూడా లోతుకేనా?”

“లోతుకే.”

“ఆ భుజాలతో మీరు తెడ్డేసి తిరిగొచ్చేసరికి సాయంత్రమవుతుంది.”

“నీ నోటికే తెడ్డుంటే ఈపాటికి స్విట్జర్లాండు చేరిపోయేదానివి.”

ఆమె నవ్వలేదు. ఏప్రిల్ నుంచి ఆమె నవ్వడం ఎవరూ చూడలేదు. ఆ నెలలో ఆమె భర్త ప్రోవీనో, అంటే ఎలీజో తమ్ముడు, సరస్సు నుంచి తిరిగి రాలేదు. పడవ బోర్లాపడి దొరికింది. మనిషి దొరకలేదు. ఎర్సీలియా నల్లబట్టలు కట్టలేదు, చర్చిలో ప్రార్థన చేయించలేదు. రోజూ మధ్యాహ్నం అతని కంచం పెడుతూనే ఉంది. “ముఖం చూడకుండా ఎలా ఏడవను?” అనేది. మంచు కురిసేలోపు తెచ్చి చూపిస్తానని ఎలీజో మాటిచ్చాడు. అప్పటినుంచి చేపలుండని లోతుల్లో వల దింపుతున్నాడు. ఏడు నెలలు. ముందురోజు సాయంత్రం ఒడ్డుకెదురుగా ఉన్న పాడుబడ్డ ద్వీపం వెనక వల దింపాడు. ఇక భుజాలు పనిచెయ్యవు, ఇదే ఆఖరు అనుకున్నాడు.

ఆ సరస్సు మునిగినవాళ్ళను తిరిగివ్వదు. అడుగు నాలుగు వందల మీటర్ల కింద ఉంటుంది. అక్కడి చలికి శరీరం ఉబ్బదు, తేలదు. రోమన్ల నాటి పడవలవాళ్ళు, ద్వీపం తగలబడిన రోజున పారిపోతూ మునిగినవాళ్ళు, మొన్నమొన్నటి దాకా సిగరెట్ల మూటలు మోసిన దొంగరవాణావాళ్ళు, అందరూ కింద ఎలా ఉన్నవాళ్ళు అలాగే ఉన్నారని ఊళ్ళో అనుకుంటారు. ఆ ద్వీపం సంగతి మొదలుపెడితే తెమలదు. ఎనిమిది వందల ఏళ్ళ కిందట కోమో సైన్యం వచ్చి ఊరికి ఊరునే కాల్చేసిందని, మళ్ళీ అక్కడ ఊరన్నది లేవలేదని తెలిస్తే చాలు.

మరొకటి మాత్రం చెప్పి తీరాలి. ఆ ఒడ్డు జాలరుల్లో ఒక పద్ధతుంది. వల మొయ్యలేనంత బరువెక్కితే వలను తేల్చే బెండుకు కట్టిన గంటను గట్టిగా మోగిస్తారు. విన్నవాడెవడైనా వచ్చి అవతలి కొస పట్టాలి. పట్టినవాణ్ణి పేరడగకూడదు. దొంగరవాణా రోజుల్లో పుట్టిన మర్యాద కావచ్చు. అయితే రేపు అతని వల బరువెక్కినప్పుడు నువ్వు కూడా లాగాలి. ఆ వంతు ఎగ్గొట్టినవాడితో తరవాత ఎవరూ మాట్లాడరు.

ఎలీజో గంట చప్పుడును బట్టి వెళ్ళి వల పట్టుకున్నాడు. నాలుగు బారలు వచ్చింది. ఆగిపోయింది. మళ్ళీ లాగాడు. పడవ ఒరిగింది గాని వల రాలేదు.

గంట మోగించాడు. మంచు ఆ చప్పుడును దూదిలా మింగేసింది. నీళ్ళమీద తడిబూడిద వాసన తేలివచ్చింది. ఎవరో ఒడ్డున ఆకులు కాలుస్తున్నారనుకున్నాడు.

ఉన్నట్టుండి వల తేలికైంది.

“ఏం ముసలాడా, చేతులు ఇంట్లో మరిచిపోయి వచ్చావా?” మంచులోంచి సన్నటి గొంతు.

“నీవి ఉన్నాయి కదా అని తేలేదు,” అన్నాడు ఎలీజో. ప్రాణం లేచివచ్చినట్టయింది.

“లాగు మరి. నాకూ ఓపిక లేదు.”

ఇద్దరూ లాగారు. ఒకరు పీల్చిన ఊపిరి ఇంకొకరికి వినపడుతోంది. అంత దగ్గర. పడవ మాత్రం కనపడదు.

“తెడ్డు చప్పుడు వినపడలేదే?”

“తెడ్డు లేదు.”

“మరి ఎలా వచ్చావ్?”

“... లాగు.”

ఎలీజో లాగాడు. నీళ్ళలో ఏదో నీలంగా కదిలింది. స్వెట్టరు. మోచేతి దగ్గర ఎర్సీలియా వేసిన ఎర్ర నూలు మాటు. ప్రోవీనో ముఖం నిన్ననే పడుకున్నవాడి ముఖంలా ఉంది. ఎలీజో తమ్ముణ్ణి చంకల కింద చేతులువేసి పడవలోకి లాక్కుని, ఆ చల్లటి తలను ఒళ్ళో పెట్టుకున్నాడు.

“మా తమ్ముడయ్యా... దొరికాడు. నీ మేలు మరిచిపోను. ఇక వదిలెయ్.”

అవతల ఎవరూ వదల్లేదు.

“మీవాడు దొరికాడు,” అంది గొంతు. “ఇక మావాళ్ళు.”

“మీవాళ్ళా...? ఎంతమంది?”

ఊపిరి వినపడింది. ఒకరిది కాదు. కుడివైపు... ఎడమవైపు... పడవ కింద...

“పట్టు. నీ వంతు.”

వల ఒక్కసారిగా కిందికి గుంజుకుంది. పడవ అంచు మీదుగా నీళ్ళు లోపలికి వచ్చాయి. తమ్ముడి చెయ్యి జారి అంచు మీద వేలాడింది.

“నావల్ల కాదు,” అన్నాడు ఎలీజో గొణుగుతూ. “నన్ను క్షమించండి... నావల్ల కాదు.”

కత్తి తీశాడు. కోశాడు.

ఎవరూ తిట్టలేదు. నీళ్ళమీద ఒక నిట్టూర్పు వినపడింది. పొద్దంతా మోసి ఇంకా మొయ్యవలసినవాళ్ళు విడిచే నిట్టూర్పు అది.

ఎర్సీలియా మెట్లమీద మోకరిల్లి భర్త ముఖం తుడిచింది. “ఇంత ఆలస్యమా నీకు? కూడు చల్లారిపోలేదూ?” అని కోప్పడి, అప్పుడు ఏడ్చింది. శనివారం పాతిపెట్టారు. ఆమె నల్లబట్టలు కట్టుకుంది. రెండో కంచం అలమరలోకి వెళ్ళింది. ఎలీజో ఆదివారమంతా నిద్రపోయాడు.

సోమవారం పొద్దున్న ఎర్సీలియా పెరట్లోంచి పిలిచింది. “బావగారూ... ఇది మీరే కట్టారా?”

కోసేసిన వలలో మిగిలిన ముక్క మేకులకు ఆరవేసి ఉంది. తెగిన అంచు ఇప్పుడు తెగి లేదు. నైలాను కన్నుల్లోకి చేత్తో పేనిన జనపదారం ఎక్కించి, ఒక్కో ముడీ ఓపిగ్గా బిగించి, ఎవరో మరో వలను అతికారు. ఆ ముడి వెయ్యడం ఊళ్ళో ఎవరికీ రాదు. దారం నల్లగా ఉంది, తడిగా ఉంది. ఆ వల గోడ దాటి, మెట్లు దిగి, నీళ్ళలోకి వెళ్ళిపోయింది.

ఎలీజో దానిమీద చెయ్యి వేశాడు. అటువైపు ఎవరో రెండుసార్లు మెల్లగా, మర్యాదగా, లాగి వదిలారు.