ఎదురుకొండ మీది ఊరు

"వెంగెన్!"

"మ్యూరెన్!"

గల్ఫ్‌లో, నజ్మా పేటలోని ట్రావెల్స్ ఆఫీసులో రాజ్ కిరణ్, జెరూషా మళ్ళీ మొదలుపెట్టారు. తొంభై ఆరు ఆగస్టులో పెళ్ళి, పెళ్ళవగానే స్విట్జర్లాండ్. ఒకే లోయకి అటు కొండ మీదొకటి, ఇటు కొండ మీదొకటి ఉన్న రెండు ఊళ్ళలో ఎక్కడ దిగాలన్నదే తగవు.

"వెంగెన్‌లో పెద్ద హోటళ్ళున్నాయి, షాపులున్నాయి. మ్యూరెన్‌లో ఏముంది? ఆవులు!"

"మనుషులు తక్కువుంటారు. నాకదే కావాలి." జెరూషా ఒక కంపెనీలో టెలిఫోన్ ఆపరేటరు. "మీ గొంతు తప్ప ఇంకేదీ వినపడకూడదు."

రాజ్ కిరణ్ చెవులు ఎర్రబడ్డాయి. టికెట్లు రాసే మొహియుద్దీన్ నవ్వాపుకుంటూ, "యల్లా, ఇగ ఒప్పుకో భాయ్, మేడమే గెల్చింది" అన్నాడు.

"సరే, మ్యూరెనే!" రాజ్ కిరణ్ కారు దాకా ఆమె తలకి ఎండ తగలకుండా బ్రోచర్ పట్టుకుని నడిచాడు.

వారం తర్వాత జెరూషా ఒక్కతే ఆఫీసుకెళ్తే మొహియుద్దీన్ ఇబ్బందిగా చూశాడు. "భాయ్ వెంగెన్‌కి మార్పించిండు. మీకు తెల్వదా? వాళ్ళ మేనేజర్ ఫ్యామిలీ గూడ ఆ హోటల్లనే దిగుతరంట."

ఆ సాయంత్రం సముద్రపు ఒడ్డున కార్నిష్ రోడ్డు మీద అతన్ని నిలదీసింది.

"ప్రమోషన్ వచ్చే టైము, జెరూ. ఆయనే రమ్మంటే కాదంటామా?"

"నాతో చెప్పలేదేం?"

"సర్దుకుంటావులే అనుకున్నా. సాయంత్రాలు వాళ్ళ పిల్లల్ని నువ్వు చూసుకుంటానన్నావని కూడా చెప్పా. మేనేజర్ గారి భార్య ఎంత సంతోషించిందో!"

"నేనన్నానా?"

"అంటే... కాదనవు కదా."

జెరూషాకి రాబోయే ఏళ్ళన్నీ ఒక్కసారిగా కనిపించాయి. తను అనని మాటలు, వాటికి నవ్వుతూ తలూపే తను.

"ఆయనకి ఫోన్ చేసి రావట్లేదని చెప్పండి. మనం ఏ ఊరూ వెళ్ళకపోయినా పర్లేదు."

"పిచ్చిగా మాట్లాడకు. ఒక్క ఊరి కోసం ఇంత రాద్ధాంతమా?"

అతను కారు తాళాలు తీసి, "పద, ఇంటి దగ్గర దింపేస్తా" అన్నాడు.

మర్నాడే జెరూషా పెళ్ళి వద్దని చెప్పేసింది. భీమవరం నుంచి అమ్మ ఫోన్‌లో తిట్టి, తర్వాత ఏడ్చింది.

అక్టోబరులో ఒక శుక్రవారం, జెరూషా తమ చర్చిలోని సుసన్న ఆంటీ ఇంట్లో ప్రార్థన ముగిసి బయటికొస్తుంటే గేటు దగ్గర రాజ్ కిరణ్ నిలబడి ఉన్నాడు. ప్రమోషన్ వచ్చిందని ఆంటీ ముందే చెప్పింది. మనిషి చిక్కిపోయాడు.

"వెంగెన్ వెళ్ళారటగా?"

"ఊఁ."

"వాళ్ళ పిల్లల్ని ఎవరు చూసుకున్నారు?"

"నేనే," అన్నాడు తలదించుకుని.

ఆమెకి నవ్వొచ్చింది. నవ్వలేకపోయింది.

"జెరూ, నువ్వంటే నాకు ఇప్పటికీ..."

"తెలుసండీ. నాకూ అంతే."

అతను తలెత్తేసరికి ఆమె ఆంటీ వాళ్ళ కారెక్కి తలుపు వేసుకుంది.