తోలు మాది, తొవ్వ నీది

దెయ్యాలు రాత్రిపూటే తిరుగుతాయని చెప్పేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది. నాకు ఎదురైంది పొద్దుండగానే, మొగుళ్లపల్లి అవతలి గుట్టల్లో, ముసురు పట్టిన ఒక సాయంత్రం. అప్పుడు నాకు ఇరవై ఏళ్లు. ఇప్పుడు డెబ్బై దాటాయి. అయినా వాన మొదలైతే ఈ ముసలోడు తలుపు గడియ పెట్టి కూర్చుంటాడని మనవలు ఎగతాళి చేస్తారు. చేయనీ.

మాది వేటగాళ్ల ఇల్లు. మానుపిల్లులను పట్టేవాళ్లం. తాటిచెట్టెక్కి కుండలో కల్లు తాగిపోయే జీవం అది. కల్లు గీసేవాళ్లే మమ్మల్ని పిలిచి ఉచ్చులు పెట్టించేవాళ్లు. తోలు ఒలిచి, లోపలి వైపు పైకి వచ్చేలా వాకిట్లో పరిచి, నాలుగు మూలలా మేకులు కొట్టి, ఉప్పూ బూడిదా రుద్ది ఆరబెడతాం. తోలు అమ్ముకుంటాం సరే, మరి ఆ తోలు లేని ఒళ్లేమవుతుంది? ఈ మాట ఎవరూ అడగరు. కొవ్వు కాచి మోకాళ్ల నొప్పులకు నూనె తీస్తాం. కొందరు కూర వండుకుంటారు, మా ఇంట్లో తినరు. మిగిలినదాన్ని గుట్ట కింద గుంటలో పెట్టి, మోదుగాకులు కప్పి, దాని మూతి దగ్గర గుప్పెడు జొన్నలు పోసి, "తోలు మాది, తొవ్వ నీది" అని చెప్పి పైన రాయి పెడతాం. బరిబాతల, ఒంటి మీద ఏమీ లేకుండా, పంపకూడదు కదా, అందుకు ఆకులు. చాలా దూరం తొవ్వ నడవాలి కదా, అందుకు జొన్నలు. ఆ జొన్నలు పిట్టలు తింటే తిననీ, మనిషి మాత్రం ముట్టకూడదు.

మిలిటరీ వచ్చిన మరుసటేడు వానకాలం అది. మా అన్న ఎల్లస్వామి దొరలను ఎదిరించే సంఘంలో తిరిగేవాడు. దొర గడి మీదికి పోయినవాళ్లలో వాడూ ఒకడు. మిలిటరీ క్యాంపు వాళ్లు వాడి కోసం ఊరూరా గాలిస్తున్నారు. వాడేమో గుట్ట మీద రాతి గుహలో, చలిజ్వరంతో, కప్పుకోను ఒక్క గొంగడితో పడి ఉన్నాడు. జ్వరం తగ్గి వాడు దూరం నడవగలిగేదాకా రోజుకొక రొట్టె చేర్చగలిగితే బతుకుతాడు, లేకపోతే లేదు. ఊరు దాటి రొట్టె ముక్క పోనిచ్చేవాళ్లు కాదు. కానీ క్యాంపు ఆఫీసరుకు తోళ్ల మీద మోజు. అందుకని అడవిలోకి నన్నొక్కణ్ని వదిలేవాళ్లు. కావలి వాడు నా సంచి విప్పేవాడు, ఒలిచిన ఒళ్లు చూసి ముక్కు మూసుకుని పొమ్మనేవాడు. దాని కిందే ఆకులో చుట్టిన జొన్నరొట్టె ఉండేది.

గుంటలో దాన్ని పెట్టి, మూతి దగ్గర జొన్నలు పోయాల్సిన చోట రొట్టె పెట్టి వచ్చేవాణ్ని. చీకటి పడ్డాక అన్న ఎట్లాగో పాకుతూ దిగి వచ్చి తీసుకునేవాడు. ఇంట్లో జొన్నలు అడుగంటాయి మరి. రెంటికీ చాలవు.

"సచ్చినదాని వంతు బతికినోనికి పెడ్తవారా పోశాలూ?" అంది మా అమ్మ ముత్తమ్మ మొదటి రోజే. అమ్మను మేం అవ్వ అనేవాళ్లం.

"మరి ఏడ పెట్టాల్నే? బాట మీద పెట్టాల్నా?" అన్నాను కోపంగా.

ప్రాణం మీదికి వస్తే ఆచారం అటకెక్కుతుంది. నాదీ అదే కథ.

మరునాడు పోయి చూస్తే రొట్టె ఉండేది కాదు. ఆకు నాలుగు మడతలు పెట్టి, తుమ్మముల్లు గుచ్చి ఉండేది. అది మా అన్న గుర్తు. మడతలో చిన్న రొట్టె ముక్క మిగిల్చేవాడు, అవ్వ తాను తినకుండా పంపుతుందని వాడికి తెలుసు. నేను తెచ్చి ఇస్తే అవ్వ కళ్లకద్దుకుని తినేది. "నా కొడుకు ఎంగిలి" అనేది. ఆ ముక్క ఎవరి వంతులోదో ఆమెకు గుర్తుండేది కాదు. నేనూ గుర్తు చేయలేదు.

పదిరోజులు దాటాక గుంట దగ్గర ఒక వాసన మొదలైంది. కొత్త బియ్యం ఉడుకుతున్నట్టు కమ్మటి వాసన. మానుపిల్లి బతికున్నప్పుడు అట్లాగే వాసన వస్తుంది. ఒలిచాక రాదు. ఆకలి మీదున్నానేమో, ఆ వాసనకు నోరూరింది. ఇప్పటికీ ఆ సంగతికి సిగ్గుపడతాను.

ఆ సాయంత్రం సంచి భుజాన వేసుకుని పోతుంటే తండా దేవ్యా ఎదురొచ్చాడు. గుట్ట కింద పశువులు మేపేవాడు, అన్నకు దోస్తు. నన్ను చెట్టు చాటుకు లాగి గొంతు తగ్గించాడు.

"నిన్ను కలుద్దామంటే నీ ఎంట ఎప్పుడు ఎవరో ఒకరుంటరు. మనసుల పెట్టుకోకు తమ్మీ. మీ అన్న పోయిండు."

నా వెంట ఎప్పుడూ ఎవరూ రాలేదు, కానీ ఆ మాట అప్పుడు తట్టలేదు. "ఎప్పుడు?" అన్నాను.

"నిన్న కాదు, ఆ ముంగటి ఐతారం. జరంతోనే. నేనే మట్టి ఏసిన. ఆయన గొంగడి ఆయనకే సుట్టిన."

ఆ రోజు సోమవారం. అంటే తొమ్మిదో రోజు. నేను వేళ్ల మీద లెక్కపెట్టాను... నిన్నటి ఆకు ఇంకా నా బొడ్లో ఉంది. నాలుగు మడతలు, తుమ్మముల్లు.

ఇంటికి పోవాల్సింది. పోలేదు. వాడు బతికే ఉన్నాడని, దేవ్యా ఎవరినో చూసి పొరపడ్డాడని నా మనసు గింజుకుంది. గుంట దగ్గరికి పోయాను. సన్నగా వాన. పిట్ట కూత లేదు. రాయి పక్కకు జరిపి ఉంది. ఆకులు లేవు. ఇన్నాళ్లూ పెట్టిన ఒళ్లు ఒక్కటీ లేదు. గుంట ఊడ్చినట్టు ఉంది.

బండ వెనక నుంచి చప్పుడు. నములుతున్న చప్పుడు.

ఆగింది.

అన్నం వాసన గుప్పుమంది...

"తమ్మీ."

అన్న గొంతే. కాకపోతే మూతి పూర్తిగా మూయలేనివాడు మాట్లాడినట్టుంది.

"సలి పెడ్తాందిరా. ఒళ్లంత మండుతాంది. కప్పుకునేటందుకు... ఏమన్న ఉన్నదా?"

చిన్నప్పటి నుంచి వాడు ఏది అడిగినా జవాబు చెప్పడమే అలవాటు. భయంలో నోరు తనంతట తానే కదిలింది.

"ఇంటికాడున్నదే అన్నా."

బండ వెనక ఏదో లేచింది. తడిగా, రాయిని రాసుకుంటూ. నేను సంచి పారేసి పరిగెత్తాను.

అవ్వకు చెప్పలేదు. తలుపు వేసి రాత్రంతా కూర్చున్నాను. ఏ చప్పుడూ లేదు. తెల్లారి అవ్వే ముందు వాకిట్లోకి పోయింది. చాలాసేపు లోపలికి రాకపోతే నేను పోయాను.

నిన్న పొద్దున నేను చూరు కింద ఆరబెట్టిన తోలు లేదు. ఆ చోట మా అన్న గొంగడి పరిచి ఉంది, మట్టి కొట్టుకుని. నాలుగు మూలలా మేకులు. పైన ఉప్పూ బూడిదా రుద్ది ఉన్నాయి, నేను రుద్దినట్టే, ఒక్క చోట కూడా వదలకుండా.

అవ్వ ఏడవలేదు. లోపలికి పోయి, ఉన్న పిండితో రొట్టె చేసి, ఆకులో పెట్టి కంచె దగ్గర ఉంచింది. బతికినన్నాళ్లూ అట్లాగే చేసింది. పొద్దున్నే ఆకు నాలుగు మడతలు పెట్టి ఉండేది. మడతలోని ముక్క తినేది. వద్దని ఎన్నిసార్లు కాళ్లు పట్టుకున్నా వినలేదు.

ఆమె పోయాక ఆ పని నాకొచ్చింది. నాకిష్టమై చేయడం లేదు, మానేయడానికి ధైర్యం చాలక చేస్తున్నాను. ఒక్క రొట్టె, ఒక్క ఆకు. అంతే పెడతాను.

అవ్వ పోయిన మూడో రోజు నుంచి, పొద్దున పోయి చూస్తే, మడిచిన ఆకులు రెండుంటున్నాయి.